పిన్నుల ఆంటీ కట్టిన కిమోనో

ఆ రోజుల్లో నాకు తెలిసిన జపాన్ మొత్తం మా ఆఫీసు కిచెన్‌లోని గ్రీన్ టీ పొట్లాల్లో ఉండేది. ఎంఎస్ పూర్తి చేసి అమెరికాలోనే, షామ్‌బర్గ్‌లో ఒక చిన్న జపనీస్ కంపెనీలో ట్రెయినీగా చేరాను. ఫ్యాక్టరీ యంత్రాలకి సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీ అది. పని నచ్చింది, మనుషులు మరీ మర్యాదస్థులు, తుమ్మినా క్షమాపణ చెప్పేవారు. వచ్చిన చిక్కల్లా వీసా. చదువు అయ్యాక పని చేసుకోమని ఇచ్చిన గడువు కరిగిపోతోంది. కంపెనీ నా పేరు మీద హెచ్-1బి ఫైల్ చేస్తే ఉంటాను, లేకపోతే సూట్‌కేసు సర్దుకుంటాను. ఆ నిర్ణయం ఏడాదికోసారి జపాన్ నుంచి వచ్చే కంపెనీ పెద్దాయన చేతిలో ఉంది. "ఇయర్ ఎండ్ పార్టీకి ఆయన వస్తున్నారు. నిన్ను పరిచయం చేస్తాను. ఆయన రెజ్యూమే చూడరు, మనిషిని చూస్తారు," అన్నాడు మా మేనేజరు. ఆ మాటతో నాకు నిద్ర కరువైంది. (రెజ్యూమేలో నేను చాలా బాగుంటాను. మనిషిగా చూస్తేనే కష్టం.)

పార్టీ ఆహ్వానంలో 'మీ సంప్రదాయ దుస్తుల్లో వస్తే సంతోషం' అని ఒక వాక్యం ఉంది. బుద్ధున్నవాడెవడైనా దీన్ని చదివి సూట్‌కేసు అడుగునున్న పట్టుపంచె బయటికి తీస్తాడు. నేనూ తీశాను. ఇస్త్రీ కూడా చేయబోయాను. అప్పుడే మా రూమ్మేట్ కూపన్ అన్న గదిలోకొచ్చాడు. వరంగల్ మనిషి, నాకంటే నాలుగేళ్ళు పెద్ద, అమెరికాలో పూర్తి ధర పెట్టి ఏదీ కొనని ఏకైక మానవుడని మా అపార్ట్‌మెంట్లలో ప్రతీతి. పంచె వైపు జాలిగా చూశాడు. "ఇది కట్టుకోని పోతే ఏం తెలుస్తదిరా? నీకు ఇండియా మీద ప్రేమున్నదని తెలుస్తది. వీసా ఇండియోళ్ళు ఫైల్ చేస్తున్నరా? గాయన ముంగట గాయన బట్టల్లనే నిలబడు. పాణం పెడ్తడు," అన్నాడు. నాకా మాట వేదవాక్కులా వినిపించింది. అవసరంలో ఉన్నవాడికి ఏ మాటైనా అలాగే వినిపిస్తుందని అప్పటికి తెలియదు.

మర్నాడే ఒక సెకండ్ హ్యాండ్ షాపులో, స్నానాల గౌన్ల పక్కన వేలాడుతూ కిమోనో దొరికింది. ఎర్రటి పట్టు, దాని మీద తెల్ల కొంగలు, బంగారు రంగు పూలు. చేతులైతే మోకాళ్ళు దాటి వేలాడుతున్నాయి. ఒక్కో చేతిలో ఐదు కేజీల బియ్యం పోయొచ్చు. నాకెందుకో అనుమానం వేసింది. "ఆడవాళ్ళదేమో అన్నా," అన్నాను. "ఆడోళ్ళకు ఇంత బరువు చేతులెందుకు పెడ్తరురా, పని చేసుకోవద్దా? ఇది రాజులు ఏసుకునేది. పైంగ ఇయ్యాల ఎర్ర ట్యాగ్ మీద సగం రేటు," అన్నాడు అన్న. సగం రేటు అన్నాక ఆయనతో వాదించి గెలిచినవాడు లేడు. కిమోనోతోపాటు ఒక పొడుగాటి నడికట్టు కూడా ఉచితంగా వచ్చింది. ఉచితం అన్నప్పుడు అన్న మొహంలో వెలిగిన వెలుగు చూస్తే నాకూ ధైర్యం వచ్చింది.

ఇక కట్టడం. మా కింది అంతస్తులో పిన్నుల ఆంటీ ఉండేవారు. తెనాలి ఆవిడ. ఊళ్ళో ఏ తెలుగు ఫంక్షన్ అయినా ఆడపిల్లలందరికీ చీరలు కట్టేది ఆవిడే. ఆవిడ మంగళసూత్రానికి పసుపుతాడు కనిపించేది కాదు, అన్నీ పిన్నీసులే. ఆవిడ కట్టిన చీర జారిన దాఖలా లేదు, విప్పడానికి మాత్రం ఇద్దరు మనుషులు కావాలి. కిమోనో చూసి, "ఇదేవిటి నాన్నా, చీరకీ నైటీకీ మధ్య ఆగిపోయింది?" అన్నారు. అయినా వెనక్కి తగ్గే మనిషి కాదు. జీన్స్ మీద, థర్మల్ బనీను మీద నాకది తొడిగారు. పొడుగు ఎక్కువైతే నడుం దగ్గర చక్కగా కుచ్చిళ్ళు పోసి దోపారు. అసలు సమస్య ముందు వైపు వచ్చింది. రెండు అంచుల్లో ఏది పైకి రావాలి?

నేను అలవాటుగా చొక్కాలాగా ఎడమ వైపుది పైకి వేసుకున్నాను. ఆంటీ నా చేతి మీద చిన్నగా ఒకటి వేశారు. "శుభమా అంటూ ఉద్యోగం పని మీద వెళ్తూ ఎడమ పైకేవిటి? కొత్తింట్లో ఏ కాలు పెడతాం? తాంబూలం ఏ చేత్తో ఇస్తాం? కుడి పైకి రానియ్." అన్న ఫోన్ తీసి, "ఆంటీ, ఒక్కసారి వీడియో చూద్దాం," అన్నాడు. (ఆ సాయంత్రం మొత్తంలో ఆయన అన్న ఒకే ఒక మంచి మాట అది.) ఆంటీ ఆయన వైపు తిరిగి, "వీడియోలు చూసి చీర కట్టుకున్న పెళ్ళికూతుళ్ళు నా దగ్గరికి ఏడుస్తూ వచ్చారు బాబూ," అన్నారు. ఫోన్ జేబులోకి వెళ్ళిపోయింది. కుడి అంచు ఎడమ అంచు మీదికి వచ్చింది, పిన్నీసులు పడ్డాయి, నడికట్టు బిగిసింది. "ఇప్పుడు పెళ్ళికొడుకులా ఉన్నావు," అని ఆంటీ మెటికలు విరిచి దిష్టి తీశారు.

ఆ బట్టల్లో అడుగు జానెడు కంటే ముందుకి పడదని పార్కింగ్‌లో తెలిసింది. బయట మంచు, కాళ్ళకి సాక్సుల మీద బలవంతంగా ఎక్కించిన హవాయి చెప్పులు. అన్న నన్ను పరుపులా వెనక సీట్లో పడుకోబెట్టి హోటల్ దాకా డ్రైవ్ చేశాడు. పార్టీ హాలు గుమ్మం దగ్గర ఫోటోగ్రాఫర్ వచ్చినవాళ్ళందరికీ ఫోటో తీస్తున్నాడు. నేను రెండు చేతులూ చాచి, కొంగలన్నీ కనబడేలా నిలబడి, నోరారా నవ్వాను. తర్వాత లోపలికి వెళ్ళాను.

హాలు నిశ్శబ్దమైపోయింది. నేను దాన్ని ఆరాధన అనుకున్నాను. మా అకౌంట్స్‌లో పనిచేసే జపనీస్ పెద్దావిడ సూప్ గిన్నె నోటిదాకా తెచ్చుకుని అక్కడే ఆపేసింది. కిమోనోల్లో వచ్చిన మగవాళ్ళు మరికొందరున్నారు. అందరివీ బూడిద రంగు, ముదురు నీలం, నలుపు. చేతులు పొట్టిగా, ఒద్దికగా ఉన్నాయి. నాలాంటి చేతులు ఒక్కరికే ఉన్నాయి, ఆఫీసులో ఎవరిదో కాలేజీ చదివే కూతురికి. ఆ అమ్మాయి నా వైపు చూసి, తన చేతులు చూసుకుని, వాళ్ళమ్మ వెనక్కి వెళ్ళింది. నేనూ నా చేతులు వెనక్కి దాచుకోబోయాను. ఈలోపు మేనేజరు, పెద్దాయనని వెంటబెట్టుకుని ఎదురుగా వచ్చేశాడు. డెబ్బై దాటిన మనిషి, నల్లటి కిమోనోలో స్తంభంలా నిటారుగా ఉన్నారు. నేను వంగి నమస్కరించాను. వంగినప్పుడు వెనక ఒక పిన్నీసు గుచ్చుకుని "అమ్మా" అన్నాను.

పెద్దాయన నా చుట్టూ మెల్లగా ఒక ప్రదక్షిణం చేశారు. జపనీస్‌లో మేనేజరుని ఏదో అడిగారు. మేనేజరు మొహం నా కిమోనో రంగుకి వచ్చింది.

"ఏమంటున్నారు?" అన్నాను.

"ఆ పొడుగు చేతుల కిమోనో పెళ్ళికాని ఆడపిల్లలు వేసుకునేది," అన్నాడు మేనేజరు గొంతు తగ్గించి. "కుడి అంచు పైకి వేసేది శవానికి. దహనానికి ముందు అలా కడతారు. చనిపోయిన అమ్మాయి నీకేమవుతుందని అడుగుతున్నారు. సంతాపం ఎవరికి చెప్పాలో ఆయనకి తెలియడం లేదు."

నా హెచ్-1బి ఆ కొంగల మీదెక్కి ఎగిరిపోవడం నాకు స్పష్టంగా కనిపించింది. ఏడుపొచ్చింది, నిజంగానే వచ్చింది. ఇంగ్లీషులో గబగబా చెప్పేశాను: ఎవరూ పోలేదు, ఇది నేను షాపులో కొన్నదే, మా ఆంటీ మంచి జరగాలని కుడి పైకి వేసింది, మాకు కుడి శుభం, ఆవిడ తప్పు లేదు, మీకు గౌరవంగా ఉంటుందని వచ్చాను, ఇప్పుడే వెళ్ళిపోతాను. మేనేజరు ఆయనకి జపనీస్‌లో చెప్పాడు. పెద్దాయన తనకొచ్చిన కొద్ది ఇంగ్లీషులో నన్నే అడిగారు. "మీ దేశంలో పోయినవాళ్ళకి వేరే పద్ధతి లేదా?"

ఉంది. అది అడగ్గానే మా తాతయ్య పోయినప్పటి సంగతి గుర్తొచ్చింది. గుళ్ళో తిరిగే దిక్కుకి ఎదురు దిక్కులో మమ్మల్ని ఆయన చుట్టూ తిప్పారు. చిన్నవాణ్ణి, అలవాటుగా గుళ్ళో తిరిగినట్టే బయల్దేరితే మా మేనమామ భుజం పట్టుకుని వెనక్కి తిప్పాడు. అదే చెప్పాను. పెద్దాయన తల ఊపారు. "అయితే నువ్వు రాంగ్ సైడ్ అంటే ఏమిటో తెలిసినవాడివే. రా," అని నన్ను కోట్లు తగిలించే గదిలోకి తీసుకెళ్ళారు.

అక్కడ ఆయన స్వయంగా నా పిన్నీసులు ఒక్కొక్కటే తీసి మేనేజరు అరచేతిలో పెట్టడం మొదలుపెట్టారు. అరచెయ్యి చాలక రెండోది కూడా పట్టాల్సి వచ్చింది. "దీన్నెవరు కట్టారు, ఇంజనీరా?" అన్నారు. నడికట్టు విప్పి, ఎడమ అంచు పైకి తెచ్చి, మళ్ళీ కట్టారు. బడికి వెళ్ళే మనవడికి బొత్తాలు పెట్టేంత శ్రద్ధగా కట్టారు. కుచ్చిళ్ళు మాత్రం చాలాసేపు చూసి, బాగున్నాయని అలాగే ఉంచారు. "చేతులకి నేనేమీ చేయలేను," అన్నారు చివర్లో. అలా ఆ సాయంత్రం మిగతా భాగం నేను బతికున్న పెళ్ళికాని పిల్లగా గడిపాను. ఏ విధంగా చూసినా అది ప్రమోషనే.

వెళ్ళిపోయేముందు పెద్దాయన మేనేజరుతో ఏదో అన్నారు, మేనేజరు మొదటిసారి పగలబడి నవ్వాడు. తర్వాత కారు దగ్గర నాకు చెప్పాడు. "ఇతని పేపర్లు ఫైల్ చెయ్యి. ఉద్యోగం అడగడానికి శవంలా తయారై వచ్చినవాడు రేపు ఎవరో పది డాలర్లు ఎక్కువిస్తారని పారిపోడు, అన్నారు." ఫైల్ చేశారు. ఆ వీసాలకి తీసే లాటరీలో పేరు కూడా వచ్చింది. స్వీట్ బాక్స్ పట్టుకుని పిన్నుల ఆంటీ దగ్గరికి వెళ్ళి, జరిగిందంతా, శవం సంగతితో సహా, చెప్పాను. ఆవిడ మైసూర్‌పాక్ ముక్క నోట్లో వేసుకుని ప్రశాంతంగా విన్నారు. "చూశావా నాన్నా, కుడి పైకి వేయబట్టే అయింది," అన్నారు. నేనూ ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. (కూపన్ అన్న మాత్రం కిమోనో వెనక్కిస్తే డబ్బులిస్తారేమో కనుక్కుందామన్నాడు.)

ఇప్పుడు శాన్ రామన్‌లో ఉంటున్నాం. మొన్న మా అమ్మాయి స్కూల్లో కల్చర్ డే అని క్లోజెట్ అంతా తవ్వి ఆ ఎర్ర కిమోనో పట్టుకొచ్చింది. తొడుక్కుంటే కిమోనో చేతులు దాని మోకాళ్ళ కిందికి ఎంత అందంగా వాలాయో. అద్దం ముందు నిలబడి కుడి అంచు పైకి వేసుకోబోతుంటే నాకు తెలియకుండానే చిన్నగా ఒకటి వేశాను దాని చేతి మీద. "ఎడమ పైకి రానియ్," అన్నాను. "హౌ డూ యూ నో డాడీ? ఇది గర్ల్స్‌ది కదా," అంది. జవాబుగా కిమోనో ఉంచిన కవరు అడుగున దాచిన ఫోటో తీసి చూపించాను. అది చాలాసేపు నవ్వి, ఫోటో నా చేతిలో పెట్టి కిందికి పరిగెత్తింది. నేనక్కడే ఆగిపోయాను. హాలు గుమ్మంలో ఎర్ర చేతులు బార్లా చాచి, సాక్సుల మీద హవాయి చెప్పులతో, కుడి అంచు పైకి వేసుకుని ఒక కుర్రాడు. ఇంకో నిమిషంలో లోపలికి వెళ్తాడు, వాడికేమీ తెలియదు. పోయినవాళ్ళలో ఇంత ఆశగా నవ్వినవాణ్ణి నేను మరొకణ్ణి చూడలేదు.