మగవాళ్ళ సర్జికల్ వార్డులో గోవింద

విశాఖపట్నంలో నర్సుల బడిలో నాకు సీటు వచ్చిందన్న కబురు మొట్టమొదట మోసుకొచ్చినవాడు బస్సు కండక్టరు మునిరత్నం మామ. తొంభైల నడుమ ఒక జూన్ నెల. ఇంటర్వ్యూ తిరుపతిలో జరిగింది, ఎంపికైనవారి పేర్లు అక్కడే గోడకు అంటించారు. పుత్తూరు బస్సు మా వడమాలపేటలో ఆగీ ఆగకముందే ఆయన ఫుట్‌బోర్డు మీంచి వంగి అరిచాడు.

"ఏం మే సుగుణా! నీ పేరు ఆడ గోడకు అంటించినారు మే! సముద్రం కాడికి పోతా ఉండావు!"

బస్సులో ఉన్నవాళ్ళందరూ కిటికీల్లోంచి నాకు సలహాలు చెప్పారు. ఒకావిడ సముద్రంలో దిగొద్దంది. ఇంకొకావిడ అక్కడ అంతా చేపలే వండుతారని, ఊరగాయ జాడీ మరిచిపోవద్దని చెప్పింది. ఒకాయన మాత్రం మునిరత్నం మామను తన టిక్కెట్టు చిల్లర అడిగాడు. ఆ మామ రోజూ తన పని మానుకుని ఆ గోడ దాకా పోయి చూసి వచ్చేవాడని తర్వాత తెలిసింది. ఆయన మేలు మరువలేను.

నేను బడికి పోయి చదివినదాన్ని కాదు. అమ్మ చాలాకాలం మంచం మీద ఉండింది, పక్కన మనిషి కావాలి. అందుకని మా మేనత్త ఆ మంచం పక్కనే నన్ను కూర్చోబెట్టి చదువు చెప్పింది. పదో తరగతి, ఇంటరు రెండూ ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. నలుగురితో కలిసి కూర్చోవడం నాకు నర్సుల బడిలోనే మొదలు. తొలిరోజు టీచరమ్మ లోపలికి రాగానే క్లాసంతా ఒక్కసారి లేచి నిలబడితే, ఏదో ప్రమాదం జరిగిందనుకుని నేను తలుపు దగ్గరికి పరుగెత్తాను.

సముద్రపు గాలికి యూనిఫారం ఆరదు. గంజి పెట్టి నిలబెట్టిన టోపీ మధ్యాహ్నానికి తడిసిన అప్పడంలా వాలిపోయేది. ఈ కష్టాల్లో నాకు కలిసొచ్చింది ఒక్కటే. వడమాలపేట ఎవరికీ తెలియదు గనక 'తిరుపతి దగ్గర' అని చెప్పేదాన్ని. ఆ 'దగ్గర' వారం తిరక్కుండానే ఊడిపోయింది, నేను 'తిరుపతి పిల్ల'నయ్యాను. మెస్సులో వంటామె దర్శనానికి సిఫారసు చేయమనేది. నాకే సిఫారసు లేదంటే నమ్మకుండా, అలిగి సాంబారు పలచగా పోసేది.

మూడో ఏడు నన్ను మగవాళ్ళ సర్జికల్ వార్డుకు వేశారు. ఆసుపత్రిలో నర్సులందరి మీద మేట్రన్, ఒక్కొక్క వార్డుకు ఒక సిస్టరు, ఆమె కింద స్టాఫ్ నర్సులు, వాళ్ళ కింద విద్యార్థినులం. మా కింద ఎవరూ లేరు. వార్డులో పిల్లి ఒకటి ఉండేది గాని, అదీ మా మాట వినేది కాదు. మా వార్డు సిస్టరు మరియమ్మగారు భీమిలి వైపు మనిషి. మెళ్ళో చిన్న శిలువ, నడుముకు తాళాల గుత్తి. ఆ గుత్తి చప్పుడు వినిపిస్తే రోగులు కూడా దుప్పట్లు సరిచేసుకునేవారు.

మూడో ఏడు వాళ్ళకు ఆ వార్డులో అప్పజెప్పే ముఖ్యమైన పని ఆపరేషనుకు రోగిని సిద్ధం చేయడం. ముందు రోజే సమ్మతి పత్రం మీద సంతకం తీసుకోవాలి, కోయబోయే చోట వెంట్రుకలు తీయించాలి, ఉంగరాలూ తాయెత్తులూ విప్పించి ఇంటివాళ్ళకు ఇవ్వాలి, రాత్రి నుంచి నోటికి ఏమీ ఇవ్వకూడదు. ఇందులో ఏది తప్పినా థియేటరు గుమ్మం నుంచే రోగిని వెనక్కి పంపేస్తారు.

నూకరాజు ఆ రోజుల్లో మా వార్డుకు వచ్చాడు. చేపల వేటకు పోయే మనిషి. వేటలో తెరచాప కర్ర తలకు తగిలింది. అప్పుడేమీ అనిపించలేదు. కొన్ని వారాలకు తలనొప్పి మొదలై, ఎడమ చేతిలో పట్టు తప్పింది. స్కానులో పుర్రె కింద రక్తం చేరి మెదడును నొక్కుతున్నట్టు తేలింది. పుర్రెకు చిన్న రంధ్రం చేసి ఆ రక్తం తీసేస్తే మనిషి దక్కుతాడు, ఆలస్యమైతే స్పృహ తప్పవచ్చు. తల ఆపరేషను చేసే సర్జన్ బయటి నుంచి వచ్చేవారు. మర్నాడు పొద్దున వస్తారు, మళ్ళీ వచ్చేది వారం తర్వాత.

నేను మంచం దగ్గరికి పోయి, మా ఊరి అలవాటు కొద్దీ, "ఏమప్పా, తలనొప్పి ఎట్లుండాది?" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. భుజాల దాకా జుట్టు, రొమ్ము మీదికి గడ్డం.

"ఏటమ్మా, ఇంత గెడ్డం ఎట్టుకున్నాను. నానేటి ఆడమనిసిలా అగుపడతన్నానా నీకు?"

వార్డంతా నవ్వింది. ఆ ప్రాంతంలో అప్ప అంటే అక్క. మా వైపు మగవాళ్ళను మర్యాదగా, చనువుగా పిలిచే పిలుపు అదని ఆయనకు చెప్పి ఒప్పించేసరికి నా టోపీ ఇంకొంచెం వాలింది.

అసలు చిక్కు మధ్యాహ్నం వచ్చింది. ఆసుపత్రి బార్బరు సింహాద్రి పెట్టె తెరవగానే నూకరాజు బాగున్న చేత్తో తల పట్టుకుని గోడవైపు తిరిగిపోయాడు. తుపానులో పడవ తిరగబడినప్పుడు, ఒడ్డుకు చేరితే తలనీలాలు ఇస్తానని తిరుమల స్వామికి మొక్కుకున్నాడట. చేరాడు. కొండకు పోవడం మాత్రం కుదరలేదు, అప్పటి నుంచి కత్తెర తాకనివ్వలేదు.

"ఈ జుత్తు నాది కాదు. సామిది. నాను మోత్తన్నానంతే. సామి సొత్తు సింహాద్రికి ఎలాగిచ్చెత్తాను?"

ఆయన భార్య గౌరమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని అందుకుంది.

"జుత్తు సామిదైతే బుర్రెవుడిది? బుర్ర పోయినాక జుత్తు సామికి పార్సిలంపుతావేటి?"

"నువ్వూరుకోయే. పడవ బోల్తా కొట్టినప్పుడు సామే ఉన్నాడు. నువ్వున్నావేటి?"

"ఒడ్డు మీద ఏడిసింది నానే! సామికి ఇనపడింది నా ఏడుపే!"

వార్డు డాక్టరుగారు విసిగిపోయి, 'రోగి నిరాకరించాడు' అని కేసు షీటులో రాసి పంపేద్దామన్నారు. ఆయన తప్పేమీ లేదు, రూలు అదే. అలా రాస్తే థియేటరు జాబితాలోంచి పేరు పోతుంది, వారం దాకా ఆ తల ఆగుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. మరియమ్మ సిస్టరు ఆ కేసు షీటు తీసి తన చంకలో పెట్టుకున్నారు. "సాయంత్రం దాకా ఇది దొరకదండి," అని నావైపు తిరిగారు. "తిరుపతి పిల్లవి గదా. వెళ్ళు. మీ స్వామి సంగతి నువ్వే మాట్లాడు."

స్వామి తరఫున మాట్లాడే అధికారం నాకెక్కడిది? మందుల గదిలోకి పోయి, ఇంజెక్షన్ల పళ్ళేల ముందు నిలబడి, 'తప్పుగా చెప్తే క్షమించు, ఒప్పుగా చెప్తే ఒప్పించు' అని దణ్ణం పెట్టుకుని వచ్చాను. నూకరాజు పక్కన స్టూలు వేసుకున్నాను.

"స్వామికి ఏమని మొక్కినావు?"

"నీలాలు ఇత్తానని."

"బాగుండాది. యాడ తీయించుకుంటానని చెప్పినావా?"

గోడవైపు నుంచి నావైపు తిరిగాడు. "అది సెప్పనేదు."

"మరింకేం? ఆయనకు రావాల్సింది నీలాలు. ఈడ తీసినా, ఆడికి చేరిస్తే మొక్కు తీరినట్లే. చేర్చే పూచీ నాది."

"సామి సంగతి నీకేటి తెలుసు?"

చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. ఉన్నదే చెప్పాను. "మబ్బు లేకపోతే మా మిద్దె మీంచి కొండ కనపడతాది."

ఆయన లేచి కూర్చున్నాడు. "కొండ నీకు అగుపడతాదా? అలగయితే కొండమీంచి సామికి నువ్వూ అగుపడతావు. నీ మాట నమ్మొచ్చు."

నేనెప్పుడూ అలా ఆలోచించలేదు. ఆ తర్వాత మా మిద్దె మీద ఒళ్ళు విరుచుకోవడం మానేశాను.

ఒప్పుకున్నాడు గాని షరతులు పెట్టాడు. ఒక్క వెంట్రుక కూడా నేల మీద పడకూడదు. బ్లేడు కొత్తదై ఉండాలి. గోవింద చెప్పకుండా కత్తి పెట్టకూడదు. మొదటి రెండూ ఎలాగూ ఆసుపత్రి నియమాలేనని సిస్టరు వెంటనే సరేనన్నారు. మూడో దానికి, "మెల్లగా చెప్పుకోండి," అన్నారు. థియేటరులో వాడే, ఆవిరిలో శుద్ధి చేసిన ఆకుపచ్చ గుడ్డ ఒకటి తెప్పించారు. రెండు కొసలు నేను పట్టుకున్నాను. రెండో వైపు ఎవరని చూస్తే, మరియమ్మ సిస్టరే వచ్చి పట్టుకున్నారు. గౌరమ్మ టీ తెస్తానని ఫ్లాస్కు తీసుకుని కిందికి పోయింది.

సింహాద్రి చెప్పులు విప్పి, కత్తి ఎత్తాడు. నూకరాజు మెల్లగానే, "గోవిందా," అన్నాడు. పక్క మంచం ఆయన, "గోవింద," అన్నాడు. అంతే. అవతలి వరసలో కాలు పైకి వేలాడదీసుకున్న ఆయన అందుకున్నాడు. పొట్టకు కుట్లు పడినవాళ్ళు దగ్గేటప్పుడు దిండు అదుముకోవాలని మేమే నేర్పాం. వాళ్ళు శ్రద్ధగా దిండ్లు అదుముకుని మరీ, "గోవిందా! గోవింద!" అని కప్పు ఎగిరిపోయేటట్టు, కత్తి ఆగేదాకా అరుస్తూనే ఉన్నారు. మా గుడ్డ కొసలు వదిలిపెట్టి ఎవర్నీ ఆపే వీలు లేదు.

మా వైపు ఆ కేక కొండ మెట్ల మీద, బస్సుల్లో, సంతోషంగా వినిపించేది. కాని ఆసుపత్రి వరండాలో కూర్చున్నవాళ్ళకు సర్జికల్ వార్డులోంచి గోవింద వినిపిస్తే దానికి ఒకటే అర్థం. మనిషిని మోసుకుపోతున్నారని. వరండాలో ఏడుపులు మొదలయ్యాయి. టీ పట్టుకుని మెట్ల కిందికి వచ్చిన గౌరమ్మ ఆ కేకలు విని, "ఓలమ్మోలమ్మో, నా మొగుడు పోనాడర్రో!" అంటూ పరుగెత్తుకొచ్చింది. అప్పటికి జుట్టూ గడ్డమూ రెండూ పూర్తయి, ఆ మంచం మీద కొబ్బరికాయలాంటి గుండుతో ఎవరో కొత్త మనిషి కూర్చున్నాడు.

"ఇంకా శవమైనా ఎల్లనేదు, మంచం అప్పుడే ఇంకోడికి ఇచ్చీసినారా! మీ కడుపులు మాడా!"

"నానేనే, గౌరీ," అన్నాడు కొత్త మనిషి.

ఆమె దగ్గరికి పోయి, చెవులు చూసి, మెడ మీద పుట్టుమచ్చ చూసి, ఫ్లాస్కు ఎత్తి భుజం మీద ఒక్కటి వేసింది. రెండోది వేయబోతుంటే మరియమ్మ సిస్టరు గుడ్డ వదలకుండానే కేకేశారు. "తల మీద మాత్రం వద్దమ్మా! రేపు పొద్దున దాంతో పనుంది!"

ఈ గొడవకు మేట్రన్ పైనుంచి దిగివచ్చి, ఏం జరుగుతోందని అడిగారు. "ప్రీ-ఆపరేటివ్ ప్రిపరేషన్ మేడమ్," అన్నారు సిస్టరు, ముఖంలో ఏ మార్పూ లేకుండా. మేట్రన్ దిండ్లు అదుముకున్న వరసను ఒకసారి చూసి, దిగివచ్చిన మెట్లే ఎక్కి వెళ్ళిపోయారు.

మర్నాడు మొదటి ఆపరేషను నూకరాజుదే. నల్లటి పాత రక్తం బయటికి తీశారు. సాయంత్రానికి స్పృహ బాగా వచ్చింది. చేతిలో పట్టు చూడడానికి నా వేళ్ళు ఇచ్చి నొక్కమన్నాను. ఎడమ చేత్తో నొక్కాడు. స్వామి దయవల్ల నాకు నొప్పి పుట్టింది. నేను సంతోషంతో కేకేస్తే, ఆయన మొదట అడిగిన మాట, "నీలాలేవీ?"

అవి భద్రంగా ఉన్నాయి. వార్డులో అన్నిటికంటే భద్రమైన చోటు మత్తుమందులు ఉంచే రెండు తాళాల బీరువా. సిస్టరు వాటిని ఆ ఆకుపచ్చ గుడ్డలోనే మూటకట్టి అందులో పెట్టించారు. ఆ బీరువాలో ఉన్నదేదైనా డ్యూటీ మారేటప్పుడు ఒకరు చెప్పాలి, ఇంకొకరు చూసి తీసుకోవాలి. అందువల్ల నూకరాజు ఉన్నన్నాళ్ళూ మా వార్డులో పూటపూటకూ, "మార్ఫిన్, పెథిడిన్, స్వామివారి నీలాలు," అని అప్పగింత జరిగింది.

నా వార్షిక సెలవులకు ఆయనా గౌరమ్మా నాతోపాటే రైలెక్కారు. అప్పటికి తల మీద కొత్త జుట్టు మొలిచింది. కొండమీద మూట విప్పి ఇచ్చేసి, మళ్ళీ గుండు చేయించుకున్నాడు. ఇదెందుకని అడిగాను.

"పాతది అసలు. ఇది వడ్డీ. ఆ సామి వడ్డీ ఒగ్గేత్తాడేటి?"

తిరిగి డ్యూటీలో చేరిన రోజు మరియమ్మ సిస్టరు, "చేరిందా?" అని అడిగారు. చేరిందన్నాను. "అయితే ఆ ఆకుపచ్చ గుడ్డ థియేటరుకు తిరిగిచ్చెయ్యి. లెక్క తక్కువ వస్తోందని నన్ను తింటున్నారు," అన్నారు.

ఈ సంఘటన నాకు నేర్పింది వృత్తికి సంబంధించినదే. ఆపరేషనుకు ముందు రోగిని ఏ మందు పడదో అడుగుతాం, షుగరు ఉందా అని అడుగుతాం. 'మొక్కు ఏమైనా ఉందా?' అని కూడా అడగాలి, అదీ బార్బరు పెట్టె తెరవకముందే. అప్పటి నుంచి నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి పిల్లకూ ఇది చెప్పాను. వార్డులో గోవింద మెల్లగా కూడా వద్దని సైతం చెప్పాను.

మరియమ్మ సిస్టరు ఇప్పుడు లేరు. ఆ సాయంత్రం దాకా కేసు షీటు ఆమె చంకలో ఉండబట్టే నూకరాజు మళ్ళీ వేటకు పోయాడు. ఇది చదివినవారు, మీరు ఏ దేవుడికి దణ్ణం పెట్టుకుంటారో ఆ దేవుడి ముందే, ఆమెను ఒకసారి తలుచుకోండి.