ఎర్రెద్దు పాట

రెండువేల అయిదు ప్రాంతంలో మేం సౌదీలో, ధహ్రాన్‌లోని కంపెనీ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన ఇంజనీరు, నేను ఆసుపత్రిలో నర్సుని. పక్కింట్లో ఒక బ్రెజిల్ జంట. ఆయనా మావారి కంపెనీలోనే ఇంజనీరు.

శుక్రవారం ఎండ చల్లబడ్డాక ఆయన పెరట్లో గిటారు పట్టుకుని కూర్చునేవారు. పాట ఎప్పుడూ ఒకటే, మాకు రాని వాళ్ళ భాషలో. గొంతు బొంగురు. అయినా ఆవిడ బట్టలు ఆరేయడం ఆపి, నవ్వు మొహంతో వినేది. గోడకి ఇవతల నేనూ వినేదాన్ని.

"చూడండి, జుట్టు నెరిసినా పెళ్ళానికి పాట పాడుతున్నారు. మీరేమో మనూళ్ళో చర్చిలో కూడా ఉత్తినే పెదాలాడిస్తారు," అన్నాను మావారితో.

కొన్నాళ్ళకి మా పెళ్ళిరోజు వచ్చింది. వాళ్ళిద్దర్నీ భోజనానికి పిలిచాం. రొయ్యల వేపుడు వడ్డించానో లేదో, మావారు లేచి గొంతు సవరించుకుని, నావైపే చూస్తూ ఆ పాట అందుకున్నారు. గోడ మీదుగా విని బట్టీ పట్టారట. నాకు సిగ్గూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

పక్కింటావిడ మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి.

"ఏమైందండీ?" అన్నాను.

"మీవారు నిన్నేమన్నారో తెలుసా?" అంది ఇంగ్లీషులో. "నడవరా నా ఎర్రెద్దూ, కొండ మీద మబ్బు పట్టింది, తడవకముందే ఇల్లు చేరదాం అన్నారు."

వాళ్ళాయన తాత పశువుల్ని తోలుకెళ్తూ పాడుకున్న పాటట అది.

"మరి మీరెందుకంత మురిసిపోతూ వింటారు?"

"నేను పట్నం పిల్లని. కళ్ళూ వెన్నెలా అంటూ పాడుతూ నా వెంట పడ్డవాళ్ళున్నారు. ఈయనకి ఇదొక్కటే వచ్చు. ఎద్దునే అంత బతిమాలేవాడు నన్ను సరిగ్గా చూసుకుంటాడనుకున్నాను."

"మా దేశంలో ఇప్పటి కుర్రాళ్ళు పాటల్లో ఎద్దుని తీసేసి పికప్ ట్రక్కు పెట్టారు," అన్నారు వాళ్ళాయన దిగులుగా. "వానొస్తే అద్దాలెత్తుకుంటే సరి. ఇంక బతిమాలేదెవర్ని?"

"ట్రక్కులో అమ్మాయికి సీటైనా ఉంది," అంది ఆవిడ. "మా అమ్మాయికి ఆ పాటలే ఇష్టం."

ఆయన ఆ మాట విననట్టు, రైతు కొడుకైన మావారి వైపు తిరిగారు. "మీ నాన్నగారు ఎడ్లకి ఏం పాడేవారు?"

"పాడేవాడు కాదండీ, తిట్టేవాడు," అన్నారు మావారు.

ఒక్కటైనా చెప్పమని పట్టుబడితే మావారు ఒకటి తెలుగులో చెప్పారు. దానికి ఇంగ్లీషు నాకు రాదన్నాను.

వాళ్ళు వెళ్ళాక గిన్నెలు కడుగుతూ అడిగాను. "ఇంతకీ ఆ పాటకి మీరేం అర్థం అనుకున్నారు?"

"నీ గురించే అనుకున్నాను."

"నా గురించి ఏమని?"

ఆయన పళ్ళెం తుడిచి పక్కన పెట్టారు. "అంత దూరం ఆలోచించలేదు," అన్నారు.