మా అమ్మాయి బట్టలు కాల్చిన రోజు

దెయ్యాల మాట ఎత్తితే నేను కసురుకునేవాణ్ణి. ఐదో తరగతితో బడి మానేసి, ఓడల మరమ్మతు యార్డులో కరెంటు పని చేసుకుంటూ నాకు నేనే చదువుకున్నవాణ్ణి. కళ్లారా చూడనిది నమ్మే అలవాటు నాకు లేదు.

కంప్యూటర్ ఉద్యోగాల కోసం మనవాళ్లు సింగపూర్‌లో గుంపులుగా దిగుతున్న రోజులవి. మా అమ్మాయిదీ ఆ ఉద్యోగమే. అక్కడి యీషున్ పేటలో మేం ముగ్గురం ఉండే ఫ్లాట్. అమ్మాయి నాకోసం లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చేది. చివరిగా తెచ్చింది అమెరికాలో కొలరాడో నది సముద్రంలో కలిసేచోట బతికిన కోకోపాలనే ఆదివాసుల చరిత్ర. నేను సగం చదివేసరికి పిల్లకు జ్వరం వచ్చింది. తొమ్మిదో రోజున ఆసుపత్రిలో పోయింది.

నెల తిరక్కుండానే మొదలైంది. సాయంత్రం ఆరూ నలభైకి, తను ఆఫీసు నుంచి వచ్చే వేళకి, ఫ్లాట్ గుమ్మానికున్న ఇనుప గేటు కిర్రుమని తెరుచుకునేది. బయట ఎవరూ ఉండరు. గడియ మార్చాను. తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకున్నాను. అయినా తెరుచుకుంది. మా ఆవిడ మాత్రం కంచం పెట్టి, పేరు పెట్టి పిలిచేది. "రావే, అన్నం చల్లారిపోతోంది."

పుస్తకం పూర్తి చేశాను. ఎగువన ఆనకట్టలు కట్టి ఆ జనానికి నీళ్లు రానివ్వలేదు. నడుమ సరిహద్దు గీసి ఒకే జాతిని రెండు దేశాలకు పంచారు. ఒళ్లు మండిపోయింది. ఆ కోకోపాల్లో ఎవరైనా పోతే వాళ్ల బట్టలు, సామాను, ఇల్లు కూడా కాల్చేసేవారట. మళ్లీ పేరెత్తేవారు కాదట. పోయినవాళ్లు వెనక్కి తిరగకుండా వెళ్లాలని.

మా పిల్ల గుమ్మంలో చిక్కుకుపోయిందేమో అనిపించింది. మా ఆవిడకు చెప్పకుండా బట్టల మూట కిందికి తీసుకెళ్లాను. చైనావాళ్లు పోయిన పెద్దల పేరిట కాగితాలు కాల్చే ఇనుప డ్రమ్ము దగ్గర కింది ఫ్లాట్ ముసలాయన ఉన్నాడు.

"అంకుల్, ఇది కాగితాలకే లా," అన్నాడు, సింగపూర్ వాళ్ల తీరున మాట చివర 'లా' తగిలించి. మూట చూశాడు. "మీ అమ్మాయివా?" అని పక్కకు జరిగాడు. "ఒక్కొక్కటే వెయ్యి. నైలాన్ భగ్గుమంటుంది."

ఆ సాయంత్రం గేటు కదల్లేదు. మా ఆవిడ ఏడున్నర దాకా కంచం ముందు కూర్చుంది. తర్వాత లేచి పిల్ల బట్టల బీరువా తెరిచింది.

"వస్తున్న పిల్లని పంపించేశారు," అంది.

"దాని మంచికే చేశాను."

"అది అడిగిందా మిమ్మల్ని?"

గేటు ఎవరు తెరిచేవారో, ఎందుకు ఆగిపోయిందో ఈనాటికీ నాకు అంతుపట్టలేదు. ఆ తర్వాత చాలా సాయంత్రాలు, మా ఆవిడ వంటింట్లో ఉన్నప్పుడు, నేనే తాళం తీసి గేటు ఓరగా ఉంచాను.