తీగల ఎత్తు

వాద్యాల కొట్టులో రిపేర్లు చేసే పెద్దాయన సాయంత్రమయ్యేసరికి బల్ల మీదికి వాలిపోతాడు. ఆ రోజు కుట్టు ఫ్యాక్టరీలో పని ముగించుకుని నేరుగా వచ్చిన ఒకావిడ, చవకలో మంచి టెనర్ యుకులేలే, అదే నాలుగు తీగల చిన్న గిటారులాంటిది, చూపించమంది. ఆయన ఒక కన్ను మూసి ఒక్కోదాన్నీ పరికించి, మెడ వంకర లేనిదాన్ని ఆమె చేతికిచ్చాడు. తీగ నొక్కగానే వేలు నొప్పెట్టి ఆమె చెయ్యి లాక్కుంది.

"నా వేళ్లు అరిగిపోయాయండీ. ఇంక ఇవన్నీ నావల్ల కావు."

"వేళ్లదేం తప్పులేదమ్మా. తీగలే మరీ ఎత్తున ఉన్నాయి. కాసేపు కూర్చో."

ఆయన నిట్టూర్చి, తీగలు వదులుచేసి, వాటిని మోసే సన్నని పట్టీని ఊడదీసి, ఎత్తు తగ్గేలా దాని అడుగును గరుకుకాగితం మీద రుద్దాడు. మళ్లీ బిగించి శ్రుతి చేశాడు. ఆమె భయంభయంగా నొక్కింది. స్వరం నిండుగా పలికింది. ఆమె మళ్లీ మళ్లీ నొక్కింది.

ఓనరు షట్టర్ దించబోయాడు.

"ఆగవయ్యా," అన్నాడు పెద్దాయన. "ఇంటికెళ్లి నడుం వాల్చాలని నాకూ ఉంది. ఆవిణ్ణి కాస్త వాయించుకోనీ."