లాడం వదులైతేనే మోత

2022లో సంగతి ఇది. మదనపల్లెలో నాకు చెప్పులు, బూట్లు కుట్టే అంగడి ఉంది. నేను వేసిన కుట్టు ఊడదు, నేను బిగించింది కదలదు. నా గొప్ప కాదు, ఊరంతా అనే మాటే.

కుప్పం నుంచి డాన్సు టీచరు సరోజమ్మ ఒక నల్ల బూట్ల జత తెచ్చి, ట్యాప్ డాన్సుకు ప్లేట్లు వేయమంది. అంటే సోల్ కింద ముందొకటి, మడమ దగ్గర ఒకటి బిగించే రేకులు. అడుగు పడితే మోగాలి.

"ఎద్దుకు లాడాలు కొట్టినట్ల బాగా బిగించప్పా. ఆదివారం హార్స్‌లీ హిల్స్ రిసార్టులో నా డాన్సు సూస్తారు. నచ్చితే ఆడే ఉద్యోగం."

ఫోనులో ఒక పాత హాలీవుడ్ నటిని చూపించింది. బ్లాక్ అండ్ వైట్ బొమ్మ. కాళ్లు నేల మీద నిలవడం లేదు. వెనక వరసలో గుంపు డాన్సులతో మొదలుపెట్టి, పాటల సినిమాలకు నాయిక అయిందట. తరువాత అలాంటి సినిమాలు తీయడమే మానేశారు. ఇంక ఆమె పని అయిపోయిందన్నారు.

"మరి ఆమె ఇంట్లో కూర్చుందా అమ్మా?" అన్నాను.

"యాల కూసుంటాది? నాటకాల స్టేజీ ఎక్కి నా వయసులో ఆడింది. నాకూ నలభై ఎనిమిది. సిన్న వయసు టీచరు దొరికిందని స్కూల్లో నన్ను పొమ్మనేసినారు."

రేకులు కోసి, స్క్రూలు కదలకుండా బిగించి ఇచ్చాను. ఆమె బండ మీద ఆడి చూసింది. మొద్దు చప్పుడు తప్ప మోత లేదు.

"రోట్లో మిరపకాయలు దంచినట్ల ఉండాదప్పా!" అంది. రేకు మార్చినా అంతే. బూట్లు నా దగ్గరే వదిలిపోయింది. నాకు తిక్క రేగింది.

మరునాడు తోలు కోసం పుంగనూరు పోయాను. సంత దగ్గర సిమెంటు రోడ్డు మీద ఒక ఎద్దు నడుస్తోంది. మూడు కాళ్లు టక్కుటక్కుమంటున్నాయి, నాలుగోది ఖణేలుమంటోంది.

"లాడం వదులయిపోయిండాది, దీని పాడుగాను!" అని రైతు తిట్టుకుంటున్నాడు.

నడిరోడ్డు మీద నిలబడి నవ్వాను. ఓరి నా తెలివీ! రేకు ఆడడానికి సందే లేకపోతే మోత ఎక్కడి నుంచి వస్తుంది?

అంగడికి వచ్చి ప్రతి స్క్రూనూ కొంచెం వెనక్కి తిప్పాను. చేతులు ఒప్పుకోలేదు, అయినా తిప్పాను.

ఆదివారం స్క్రూలు ఊడతాయేమోనన్న భయంతో నేనూ కొండెక్కాను. మేనేజరు సరోజమ్మ వయసు చూసి ఫోనులోకి తలవంచాడు. ఆమె చెక్క వేదిక మీద మొదటి అడుగు వేసింది. ఖణేల్! అతని తల లేచింది, పాట అయ్యేదాకా మళ్లీ వంగలేదు. ఉద్యోగం ఆమెదే.

అప్పటి నుంచి, నా పని నాకు నచ్చిందా అని కాదు, వేసుకునేవాళ్లకు పనికొస్తోందా అని చూస్తాను. సరోజమ్మ బూట్లు ఇప్పటికీ నా దగ్గరికే వస్తాయి.

"బిగించాల్నా అమ్మా?" అంటాను ఊరికే.

"బిగిస్తే సంపుతా!" అంటుంది.