నేను ఈదిన గెడ్డ

పరవాడ మండలంలో నాకు తెలియని గట్టు లేదు, నన్ను ఎరగని మనిషి లేడు అని మొదలుపెడదామనుకున్నాను. అంత లేదు. మండలంలో సగం ఊళ్లకు నేను పెళ్లి భోజనాలకు తప్ప వెళ్లలేదు. అక్కడ కూడా పందిరి దాటి చూసింది తక్కువ.

అయినా కొత్తవాళ్లు కనబడితే చాలు, చెయ్యి చాపి భూగోళం చెప్పేస్తాను. ఇటు సముద్రం, అటు కరెంటు ప్లాంటు పొగగొట్టాలు, ఆ పక్కన మందుల ఫ్యాక్టరీలు, మధ్యలో మేమూ మా జీడితోటలూ. దిక్కులు మాకు ముక్కుతో తెలుస్తాయి. గాలి చేపల వాసన వేస్తే సముద్రం వైపుది, మాత్రల వాసన వేస్తే ఫ్యాక్టరీల వైపుది. ఒకే ఇంట్లో అన్న తలకు తెల్ల టోపీ తగిలించుకుని మాత్రలు చేసే చోటికి పోతాడు, తమ్ముడు గాజువాకలో షేర్ ఆటో నడుపుతాడు, వదిన వంగమొక్కలకు నీళ్లు పెడుతుంది. నేనైతే ఉక్కునగరం పక్కన ముప్పై ఏళ్లు ఇనుము కరిగించాను. అంటే, కరిగించేవాళ్లకు క్యాంటీన్‌లో సాంబారు వడ్డించాను. వేడి మాత్రం వేడే.

ఆమధ్య భూములన్నీ మళ్లీ కొలవాలని ఒక సర్వే కుర్రాడు వచ్చాడు. కృష్ణా జిల్లా అబ్బాయి, ప్రతి మాటకూ 'అండి' తగిలించేవాడు. మూడు కాళ్ల మీద ఏదో యంత్రం నిలబెట్టి, మా ఊరి గెడ్డ దగ్గర ఆగిపోయాడు. మావైపు వాగును గెడ్డ అంటాం. ఎండాకాలం కాబట్టి అందులో నీళ్లకంటే రాళ్లే ఎక్కువ ఉన్నాయి.

"తాతగారూ, వానాకాలంలో ఇది ఎంతవరకు పొంగుతుందండి?" అన్నాడు.

"పొంగడమేటి బాబూ, మీద పడిపోద్ది. అదిగో, ఆ తాడిచెట్టు కాడి నుంచి ఈ చింతచెట్టు దాకా ఒకటే నీరు. వయసులో ఉన్నప్పుడు నాను ఈదీసీవోణ్ని. ఓపాలి గేదె కొట్టుకుపోతంటే తోక పట్టుకుని ఒడ్డుకి లాగీసినాను."

నాకు ఈత రాదు. గేదె నీళ్లలో లేదు, ఒడ్డున గడ్డి మేస్తోంది. తోక పట్టుకున్నది నిజం, అది తన్నిందీ నిజం.

తప్పు నాదే కానీ కాస్త ఆ అబ్బాయిది కూడా. నేను మాట్లాడుతుంటే రాసుకున్నాడు. డెబ్బై ఏళ్లలో నా మాట రాసుకున్న మనిషి అతనొక్కడే. మా ఇంట్లో నేను వాన పడుతోందంటే, బయటికొచ్చి చెయ్యి చాపి చూసి మరీ బట్టలు తీస్తారు. అలాంటిది కలం పట్టుకుని "ఆ తరవాతండి?" అంటుంటే ఎవడు ఆగుతాడు? ప్రవాహాన్ని తాడిచెట్టుకు ఆవల ఇంకో పది అడుగులు జరిపాను.

నెల తిరక్కముందే మా మరదలు మా అరుగు ఎక్కింది. వరసకు తమ్ముడి భార్య. తమ్ముడు పోయాక గెడ్డ ఒడ్డున ఉన్న ముప్పై సెంట్ల బెండతోటే ఆమె బతుకు. తెల్లారగానే కోసిన కాయలు గంపకెత్తి షేర్ ఆటోలో గాజువాక వెళ్లి అమ్ముకొస్తుంది. ఆవేళ గంప లేదు, చేతిలో కాగితం ఉంది.

"బావా, నా బెండతోటలో సేపలు పడతాయంట. ఇన్నావేటి?"

"ఎవులన్నారు?"

"ఈ కాయితం అంటంది. నా ముప్పై సెంట్లూ గెడ్డలో ఉన్నాయంట. అది సర్కారుదంట. స్థానిక పెద్దాయన సెప్పినాడని రాసుంది. ఆ పెద్దాయనెవులో తెలిస్తే కాళ్లు కడుగుదారని వచ్చినాను."

నేను పొగగొట్టాల వైపు చూశాను.

"నీకు ఈతొచ్చేటి బావా?"

"ఏదో కొంచెం."

"సముద్ర స్నానానికెల్తే పంచి తడిసిపోతాదని ఇసకలోనే నిలబడిపోనావు. నాను సూడ్లేదేటి? నీ గొప్పలికి మీ ఇంట్లో వోళ్లు నవ్వుకుంటారు, నాను తోట పోగొట్టుకోవాలా?"

ఈ చివరి మాట నవ్వుతూ అనలేదు. అభ్యంతరం చెప్పుకోవడానికి నాలుగు రోజులే గడువుంది. ఆ నాలుగు రోజులూ నాకు అన్నం సరిగా దిగలేదు. రెండో రోజు రొయ్యల కూర, అది మాత్రం దిగింది.

నాలుగో రోజున అభ్యంతరాలు వినడానికి పంచాయతీ ఆఫీసు ముందు కుర్చీలు వేశారు. మండలం ఆఫీసు నుంచి మేడమ్ వచ్చింది. పక్కన సర్వే కుర్రాడు, ఎదురుగా ఊరంతా.

"గెడ్డ ఈదానని చెప్పింది మీరేనా?" అంది మేడమ్.

"నేనేనండి. అబద్ధమండి."

"ఏది అబద్ధం? ఈదడమా, వెడల్పా?"

"రెండూనండి. గేదె కూడా."

జనం నవ్వారు. సర్వే కుర్రాడు నవ్వలేదు. "గేదె కూడానా తాతగారూ?" అన్నాడు మెల్లగా. ఊరు నవ్వినందుకు కాదు గానీ, ఆ మాటకు నాకు సిగ్గేసింది.

మేడమ్ కలం మూసింది. "మరి ఇప్పుడు చెప్పేది అబద్ధం కాదని ఏమిటి నమ్మకం?"

దీనికి జవాబు ఊరి దగ్గర ఉంది. ఒకరి తరవాత ఒకరు లేచి, నేను పుట్టుకతోనే అబద్ధాలకోరునని నా తరఫున సాక్ష్యం చెప్పారు. "ఈ బావకి బస్సులో సీటు దొరికిందన్నా మేవు నమ్మమండి మేడమ్," అన్నాడొకడు. నన్ను తిట్టడానికి అంతమంది పని మానుకొచ్చారని నాకు అప్పుడే తెలిసింది. మా మరదలు మాత్రం కాగితం నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్లీ మడత పెడుతూ కూర్చుంది.

చివరికి అందరం గెడ్డ దగ్గరికి నడిచాం. మేడమ్ ఒడ్డు నుంచి ఒడ్డుకు టేపు పట్టించింది. ఒక కొస సర్వే కుర్రాడు, ఇంకో కొస నేను. పన్నెండు అడుగులు. బెండతోట ఒడ్డు మీద, పొడిగా ఉంది. మా మరదలు మడతల కాగితం రొంటిన దోపుకుంది.

కానీ మేడమ్ వెళ్లబోతూ ఆగింది. "వానాకాలంలో తోటలోకి నీళ్లొస్తాయా అమ్మా?"

"నీళ్లా? ఏ నీళ్లండి?" అంది మా మరదలు, కన్నార్పకుండా. "ఇందులో పిల్లి మూతి కడుక్కుందారన్నా సాలవు. ఇది గెడ్డని ఎవులన్నారో గానీ, గెడ్డే కాదండి ఇది."

నేను ఆమె ముఖం వంక చూశాను. పోయిన వానాకాలం అదే గెడ్డ మోకాలి లోతున వచ్చి రెండు వరసల బెండమొక్కలు ఊడ్చుకుపోతే, మా అరుగు మీద కూర్చుని దాన్ని బూతులు తిట్టింది ఈవిడే. అబద్ధాన్ని పెంచడమే నాకు తెలుసు. ఇంత చక్కగా కుదించవచ్చని ఈ వయసులో నేర్చుకున్నాను.

సర్వే కుర్రాడు నావైపు తిరిగాడు. అంత జరిగినా మళ్లీ కలం తీశాడు. "నిజమేనా తాతగారూ?"

నోటి దాకా వచ్చింది. జీవితంలో మొదటిసారి, కళ్లారా చూసిన నిజం.

"నా మాట రాసుకోకు బాబూ," అన్నాను. "ఊరంతా ఇప్పుడే కదేటి సెప్పినారు."

అతను టేపు చూపించిన అంకె మాత్రం రాసుకుని, యంత్రం భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.