ఇద్దరం ఏలిన తెగ

మా ఇంటి మధ్యలో గోడ లేచినప్పుడు మెట్లు అన్న వైపు పడ్డాయి, నీళ్ల సంపు నా వైపు పడింది. డాబా మీది ట్యాంకు దగ్గరికి పోవాలంటే అన్న గుమ్మం దాటాలి. దానికి నీళ్లెక్కించే మోటరు స్విచ్చి నా వంటింట్లో ఉంది. ఉప్పుగూడ మొత్తంలో ఇంత తెలివిగా ఇల్లు పంచుకున్న అన్నదమ్ములు ఇంకెవరూ ఉండరని నా నమ్మకం.

మాటలు లేవు కాబట్టి దానికో పద్ధతి ఏర్పడింది. పొద్దున నేను మోటరు వేస్తాను. ట్యాంకు నిండి పొర్లగానే అన్న గోడ వెంట దిగే ఇనప పైపును దేనితోనో టంగు టంగుమని కొడతాడు. నేను ఆపేస్తాను. రోజు మొత్తంలో మా అన్న నాకు చెప్పేది అంతే. నేను కంచన్‌బాగ్‌లో ఒక లోహాల ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తాను. పెళ్లి చేసుకోలేదు. ఇంటికొచ్చి తాళం తీస్తే ‘వచ్చినవా’ అని అడిగేవాళ్లు లేరు. అందుకని పొద్దున ఆ పైపు చప్పుడు కోసం చెవి ఒగ్గి కూర్చునేవాణ్ణి. కరెంటు పోయి మోటరు తిరగని రోజున అదీ ఉండేది కాదు. ఆ రోజు చాలా పొడుగ్గా గడిచేది.

గోడ సంగతి చెప్పుకోవాలంటే పెద్ద కథేం కాదు. బాపు పోయాక ఇల్లు అమ్మేద్దామని అన్న, అమ్మొద్దని నేను. మాట మీద మాట పెరిగింది. గోడ పెట్టుకుందామని ముందు అన్నది ఎవరో ఇప్పటికీ తేలలేదు. నేనే అన్నానని అన్న చెబుతాడట. మేస్త్రీని పిలుచుకొచ్చింది మాత్రం తనే. ఆ మేస్త్రీ హాలును రెండు చేసి, గాలి ఆడాలని పైకప్పు కింద జానెడు సందు వదిలాడు. ఆ సందులోంచి వాళ్ల కుక్కరు కూతలు, వదిన చూసే సీరియళ్ల ఏడుపులు నా గదిలోకి వస్తాయి. అన్న గొంతు కూడా వస్తుంది, వేరేవాళ్లతో మాట్లాడుతూ.

చిన్నప్పుడు ఆ హాల్లోనే, ఇప్పుడు గోడ ఉన్న చోటే, ఒక కంప్యూటరు ఉండేది. ఛత్రినాకలోని మా దుకాణం లెక్కలకని బాపు సెకండ్ హ్యాండులో కొన్నాడు. లెక్కలైతే అందులోకి ఒక్కనాడూ ఎక్కలేదు. ముందు వాడినవాళ్లు అందులో ఒక ఆట వదిలేసి పోయారు. ఒక తెగ, దానికి పెద్ద ఒక మంత్రాల ముసలమ్మ. మేము ఆమెను అవ్వ అనేవాళ్లం. అవ్వ చెయ్యెత్తితే పిడుగు పడుతుంది, సముద్రంలోంచి నేల లేస్తుంది. కాకపోతే ఆ మంత్రాలు ఊరికే రావు. తెగలో కొందరు పనీపాటా మానేసి రాతి చుట్టూ కూర్చుని పూజ చేస్తుండాలి. వాళ్లెంతమంది ఉంటే అవ్వకు అంత బలం. అందరినీ యుద్ధానికి తోలితే ఆమె చేతులు ఖాళీ.

మౌస్ అన్న చేతిలో, కీబోర్డు నా చేతిలో. మనుషుల్ని నడిపేది తను, మంత్రం వేసేది నేను. నాకు పిడుగులంటే తొందర. అన్నకు పూజ అంటే ఓపిక.

“ఆగురా తమ్మీ, ఇంకో నలుగురిని కూసోబెట్టనీ” అనేవాడు.

అన్నకు ఇంకో విద్య ఉండేది. తెర మీద కనబడకముందే శత్రువు ఎటునుంచి వస్తున్నాడో చెప్పేవాడు. అవతలి తెగ పడవలెక్కితే సన్నగా తెడ్ల చప్పుడు, దాని కింద ఒక డోలు వినబడతాయి. నాకు ఎంత విన్నా తెలిసేది కాదు. “కండ్లతోని కాదురా, చెవులతోని ఆడాలె” అని నా నెత్తిన ఒక మొట్టికాయ వేసేవాడు. చివర్లో ఒక దీవి వచ్చింది. చుట్టూ నీళ్లు, ఎటు చూసినా శత్రువే. అది గెలవకముందే మానిటరు కాలిపోయింది. బాపు మళ్లీ కొనలేదు.

మొన్న ఎండాకాలంలో ఒక ఆదివారం ఏమీ తోచక ల్యాప్‌టాప్‌లో వెతికితే ఆ ఆట దొరికింది. అదే అవ్వ, అవే గుడిసెలు. మనుషుల మీద నొక్కితే ‘ఊ’ అని పలుకుతారు. ఇంట్లో నేను పిలిస్తే పలికేవాళ్లు ఉన్నారని నాకు నిజంగా సంతోషం వేసింది. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. ఇక ఆదివారం మధ్యాహ్నాలన్నీ ఆ తెగకే ఇచ్చేశాను. అన్ని దీవులూ గెలిచాను గానీ ఆ చివరి దీవి దగ్గర మళ్లీ బోల్తా పడ్డాను. మౌస్, మంత్రాలు రెండూ నావే అయ్యేసరికి ఒకటి చూస్తే ఇంకోటి జారిపోయేది. నేను ముందువైపు పిడుగులు కురిపిస్తుంటే పడవలు వెనక నుంచి వచ్చి గుడిసెలు తగలబెట్టేవి. అవ్వ కేక పెట్టి పడిపోయేది. ఆ కేక మా గోడ సందులోంచి అవతలికీ పోతుందని నాకు తెలుసు. సౌండు మాత్రం తగ్గించలేదు.

బోనాల ఆదివారం వచ్చింది. డప్పులు మా గల్లీలోకి తిరిగాయి. వదిన బోనం ఎత్తుకుని వాళ్ల గుమ్మంలోంచి బయటికొచ్చింది. అన్న వేపమండలు పట్టుకుని పక్కన నడిచాడు. ప్రతి ఏడూ ఆ బోనం ముందు తోవ చేస్తూ నడిచేది నేను. ఈసారి నా గేటు పట్టుకుని నిలబడ్డాను. వదిన చూసింది. అన్న ఎదురుగా వస్తున్న ఆటోను చూశాడు, ఎన్నడూ ఆటో చూడనట్టు. వాళ్లు మలుపు తిరిగాక లోపలికొచ్చి తలుపేసుకున్నాను. ఏడుపొచ్చింది. నాకు ఇల్లు వద్దు, మెట్లు వద్దు, అన్న ఒక్కసారి నన్ను ‘తమ్మీ’ అంటే చాలనిపించింది. ముందు నేనే పిలవొచ్చు కదా అంటారు. రెండుసార్లు గుమ్మం దాకా పోయాను. పిలిచాక పలక్కపోతే ఏం చెయ్యాలో తెలియక వెనక్కొచ్చాను.

ఆ తర్వాత వారం మళ్లీ ఆట పెట్టుకుని కూర్చున్నాను. అవతల టీవీ మోగుతోంది. నా ఆట సంగీతం మొదలవగానే ఆ టీవీ సౌండు తగ్గింది. ఇంతకుముందు కూడా ఇలాగే అయినట్టు అనుమానం. అంతా నా పిచ్చి అని సరిపెట్టుకుని ఆటలో పడ్డాను. ముందువైపు యుద్ధం మంచి ఊపు మీదుంది. అవ్వను కొండెక్కించి పిడుగులు వేయిస్తున్నాను.

టంగు టంగుమని పైపు మోగింది.

ఉలిక్కిపడి వంటింట్లోకి ఉరికాను. స్విచ్చి ఆపే ఉంది. అసలు ఆ పూట మోటరే వెయ్యలేదు. అన్నకు మతి పోయిందేమో అనుకుంటూ వచ్చి కూర్చున్నాను. పైపు మళ్లీ మోగింది, ఈసారి చెవులు చిల్లులు పడేట్టు. నేను మళ్లీ లేచాను. కుర్చీ కిర్రుమంది. ఆ కిర్రు అవతలికి వినబడినట్టుంది.

“మోటరు కాదుర తమ్మీ!” గోడ పైనుంచి అన్న గొంతు. “వెనక పడవలు! పడవలొస్తున్నయ్!”

తెర మీద పడవలు ఒడ్డుకు తగిలాయి. మనుషులు దిగారు. గుడిసెలు అంటుకున్నాయి. నేను చూస్తూ నిలబడ్డాను. అవ్వ కేక పెట్టి పడిపోయింది.

“సచ్చిందా?” అన్నాడు అన్న.

“సచ్చిందన్నా” అన్నాను.

“పూజకాడ ఎవరున్నరు?”

“ఎవర్లేరు. అందర్నీ లడాయికి తోలిన.”

గోడ అవతల టీవీ ఆగిపోయింది. వదిన ఏదో గుసగుసగా అంది. తర్వాత చెప్పుల కోసం వెతుకుతున్న చప్పుడు.

“ఏంది గిట్లనా ఆడేది? ఆగు, మళ్ల షురూ జెయ్యకు. వస్తున్న.”

వాళ్ల తలుపు గడియ తీశారు. వాళ్ల గుమ్మం దిగి, గల్లీలోకి వచ్చి, నా గేటు తీయడానికి ఎంతోసేపు పట్టదు. నా గదిలో రెండో కుర్చీ మీద ఉతికిన బట్టలు, ఉతకని బట్టలు ఒకటే కుప్పగా ఉన్నాయి. అన్నీ ఎత్తి మంచం మీద పడేశాను. ఆ కుర్చీని ల్యాప్‌టాప్ ముందుకు లాగి, మౌస్‌ను దాని వైపుకు జరిపాను.